నా పట్టింపు, ఆయన షుగర్... ఈ యాత్రకు వెళ్లాలా, మానాలా?

పేరు రాయొద్దని కోరుతూ అనంతపురం నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరమే పంపారు. ఆమె వయసు 59. ప్రభుత్వ బడిలో టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. భర్తకు 64, బ్యాంకు ఉద్యోగం చేసి దిగారు. పన్నెండేళ్లుగా ఆయనకు షుగర్. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటారు. ఇంట్లో ఇద్దరూ శాకాహారులే. ఆయన మాత్రం బయట గుడ్డు తింటారు, స్నేహితులతో కూర్చుంటే ఒకటి రెండు పెగ్గులు తీసుకుంటారు. ఈమె గుడ్డు కూడా ముట్టరు. కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తారు.

నిరుడు ఆయన బ్యాంకు మిత్రుల కుటుంబాలతో కలిసి మలేషియా వెళ్లారు. అక్కడ వెజ్ అని తెచ్చిపెట్టిన నూడుల్స్‌లో ఎండురొయ్యలు కనిపించాయి. ఇక ఆమె ఏ హోటల్లోనూ మెతుకు ముట్టలేదు. బ్రెడ్డు, అరటిపండ్లతో నాలుగు రోజులు గడిపారు. ఆమె పస్తుంటే తాను తినడానికి ఆయనకు మనసొప్పలేదు. మధ్యాహ్నం సగం తిని లేచిపోయిన రోజునే, రాత్రి ఏడున్నరకు అలవాటు ప్రకారం బస్సులో మాత్ర మింగారు. ఇండియన్ రెస్టారెంట్ చేరేసరికి తొమ్మిది దాటింది. మెట్లెక్కుతూ చెమటలు పట్టి, మాట తడబడి కూలబడ్డారు. ఎవరో కూల్‌డ్రింక్ తాగించాక తేరుకున్నారు. తిరుగు ప్రయాణానికి ముందు రోజు విరేచనాలు కూడా పట్టుకున్నాయి.

ఇప్పుడు అదే బృందం కార్తీక మాసంలో ఎనిమిది రోజులు థాయిలాండ్, వియత్నాం వెళుతోంది. బెంగళూరులో విమానం ఎక్కుతారు. వియత్నాంలోని హాలాంగ్ బే అనే సముద్రపు అఖాతంలో ఒక రాత్రి ఓడలో బస. ‘గుడ్డు వరకూ సర్దుకుంటే ఏం పోతుంది’ అంటోంది తోడికోడలు. ‘వెజిటేరియన్ అని చెబితే చాలమ్మా’ అంటాడు కొడుకు. ఆయనేమో తొమ్మిది కిలోల తిండిసామాను, ఒక చిన్న రైస్ కుక్కర్ కట్టమంటున్నారు, లేదా ఇద్దరం మానేద్దామంటున్నారు. ‘నా వల్లే ఆయన పడిపోయారని అందరూ అనుకున్నారు. నేను ఇంట్లో ఉండిపోతే ఆయనైనా నిశ్చింతగా తిరిగొస్తారు కదా?’ అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, ముందుగా ఒక మాట. ఆయన కూలబడింది మీ పట్టింపు వల్ల కాదు. మాత్రకూ భోజనానికీ మధ్య గంటన్నర దూరం పడటం వల్ల. గ్లిమెపిరైడ్ కడుపులో తిండి ఉందా లేదా అని చూడదు. క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు షుగర్ ఇంతగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ తోడైనవాళ్లు భోజనం ఆలస్యం చేస్తే పడిపోవచ్చు. ఆ మాత్రను గడియారం చూసి కాదు, కంచం చూసి వేసుకోవాలి. అన్నం ఎదుట పెట్టాక వేసుకుని ఉంటే ఆ రాత్రి అలా జరిగే అవకాశం చాలా తగ్గేది.

మీ ఉత్తరంలో రెండు వేరువేరు చిక్కులు ఒకే ముడి పడిపోయాయి. మీకు ఏం దొరుకుతుందన్నది ఒకటి. ఆయనకు ఎప్పుడు దొరుకుతుందన్నది రెండోది. ఒకరిని వదిలి ఒకరు తినలేని ప్రేమ వల్లే ఈ ముడి పడింది. యాత్ర ఎనిమిది రోజులూ మీ భోజనాలను విడదీసుకోండి. మీకు తగినది దొరికినా దొరకకపోయినా ఆయన వేళకు తినాలి. ఈ మాట మీరే ఆయనతో చెప్పాలి. ఎందుకంటే ఆయన ఆగుతున్నది మీ కోసమే.

ఆయన సంగతి కాస్త వివరంగా చెబుతాను. బయల్దేరే ముందు డాక్టరును మూడు విషయాలు అడగండి. రాత్రి భోజనం ఆలస్యమైతే మాత్ర ఏం చేయాలి, పూట తప్పితే మానేయాలా, వాంతులు విరేచనాలు పట్టుకుంటే ఏయే మాత్రలు ఆపాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్‌ను కొన్నాళ్లు ఆపమని చెప్పడం మామూలే. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మరో షుగర్ మాత్ర కూడా ఉంటే దాన్నీ ఆపిస్తారు. ఇవి సొంతంగా నిర్ణయించుకునేవి కావు, చీటీ మీద రాయించుకోండి. మందులు, ప్రిస్క్రిప్షన్, గ్లూకోమీటర్ చేతిసంచిలోనే ఉండాలి. అక్కడి సమయం మనకన్నా గంటన్నర ముందు. ఆ కాస్త తేడాకు మాత్రల వేళలు పెద్దగా మార్చాల్సిన పని పడదు.

చెమట, వణుకు, తికమక, విసుగు కనిపిస్తే వెంటనే మీటరు పెట్టండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు టీస్పూన్ల చక్కెర, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగించండి. లేదా 150 మిల్లీలీటర్ల పండ్లరసం. పావుగంట ఆగి మళ్లీ చూడండి. పెరగకపోతే మళ్లీ అంతే ఇవ్వండి. పెరిగాక ఏదైనా తినిపించాలి. చాక్లెట్టు, క్రీమ్ బిస్కెట్టు ఇందుకు పనికిరావు, వాటిలోని కొవ్వు చక్కెరను త్వరగా రక్తంలోకి వెళ్లనివ్వదు. డైట్ కూల్‌డ్రింకులో చక్కెరే ఉండదు, తొందరలో చాలామంది అదే అందిస్తారు. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదు. చక్కెర పొట్లాలు ఆయన చొక్కా జేబులో రెండు, మీ సంచిలో నాలుగు ఉంచండి. బస్సులో ఆకలి ఆపడానికి వేయించిన శెనక్కాయలు, శనగలు చిన్నచిన్న పొట్లాలు కట్టుకోండి. బొరుగులకన్నా ఇవి నయం, బొరుగులు షుగర్‌ను చప్పున పెంచుతాయి, ఎక్కువసేపు నిలబడవు.

పెగ్గుల విషయం ఉత్తరంలో ఒక్క వాక్యంలో తేల్చేశారు గానీ, నాకు అదే ఎక్కువ భయం. మద్యం ఒంట్లో ఉన్నంతసేపూ కాలేయం దాన్ని విరిచే పనిలో పడి, రక్తంలోకి చక్కెర వదలడం తగ్గిస్తుంది. దానికి గ్లిమెపిరైడ్ తోడైతే అర్ధరాత్రి, తెల్లవారుజామున నిద్రలోనే షుగర్ పడిపోవచ్చు. పక్కనున్నవాళ్లు మత్తనుకుని ఊరుకుంటారు. పూర్తిగా మానేస్తే మంచిది. మానలేమంటే ఖాళీ కడుపుతో వద్దు, భోజనంతో పాటే తీసుకోవాలి, పడుకునే ముందు మీటరు పెట్టాలి. ఇంకొకటి. మూత మీ ఎదుట తీసిన కంపెనీ సీసా తప్ప నాటు సరుకు, ఎవరో ఉచితంగా పోసిన గ్లాసు ముట్టొద్దు. 2024 నవంబరులో ఆ పక్కదేశమైన లావోస్‌లో, వాంగ్ వియెంగ్ అనే ఊళ్లో, మిథనాల్ అనే విషం కలిసిన మద్యం తాగి ఆరుగురు విదేశీ పర్యాటకులు చనిపోయారు.

ఇక మీ భోజనం. మీ అబ్బాయి చెప్పినట్టు వెజిటేరియన్ అన్న ఒక్క మాట అక్కడ చాలదు. వాళ్లు మోసం చేస్తారని కాదు. ముక్క కనబడకపోతే అది కూరగాయల వంటే అని చాలామంది లెక్క. చేపల నుంచి తీసిన రసం వాళ్లకు మన ఉప్పు లాంటిది, దాదాపు అన్నింట్లో పడుతుంది. థాయిలాండ్‌లో దాన్ని నామ్ ప్లా అంటారు, వియత్నాంలో న్యుక్ మామ్. థాయి కూరల ముద్దలో రొయ్యల పేస్టు ఉంటుంది, దాని పేరు కపి. ఆకుకూర వేపుడులో ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ పోస్తారు. బొప్పాయి సలాడ్ అయిన సోమ్ తమ్‌లో ఎండురొయ్యలు, పాద్ థాయ్ అనే నూడుల్స్‌లో గుడ్డు, ఎండురొయ్యలు, చేపరసం మూడూ మామూలే. హోటల్ టిఫిన్‌లో తెల్లటి జావ కనిపిస్తుంది, మన గంజి అనుకుని ప్రాణం లేచొస్తుంది. దాన్ని చాలాచోట్ల కోడి, పంది ఎముకల నీళ్లతో వండుతారు. వియత్నాం ఫో సూపు కూడా ఎముకల రసమే. హనోయిలో పేరున్న ఎగ్ కాఫీలో పచ్చి గుడ్డుసొన కలుపుతారు, బృందమంతా తాగుతుంటే మీకూ ఒక కప్పు వచ్చేస్తుంది.

కాబట్టి మీ గీత ఎక్కడో ఇంట్లో కూర్చుని ఇప్పుడే తేల్చుకోండి. ముక్క లేకపోతే చాలు అనుకుంటే దాదాపు ఎక్కడైనా తినొచ్చు, కానీ చేపరసం కడుపులోకి వెళుతుందని తెలిసే తినాలి. చేపరసం, గుడ్డు కూడా వద్దంటే కొన్ని చోట్లే దొరుకుతుంది, వెతకాలి, అయినా రోజుకు రెండు పూటలు ఏర్పాటు చేసుకోవచ్చు. మాంసం వండిన బాణలి, గరిటె కూడా తగలకూడదంటే శాకాహార దుకాణాలు, కొన్ని ఇండియన్ హోటళ్లు, మీ సంచి తప్ప దారి లేదు. మూడింటిలో ఏదీ తప్పు కాదు. నష్టం జరిగేది అక్కడికెళ్లి బల్ల ముందు కూర్చుని తేల్చుకుందామనుకున్నప్పుడే. నిరుడు మీకు జరిగింది అదే, ఒక్క పళ్లెం చూసి దేశం మొత్తాన్నీ వదిలేశారు. తోడికోడలి మాటకొస్తే, గుడ్డు తినడం మొదలుపెట్టినా మీ చిక్కు తీరదు. అక్కడ అడ్డొచ్చేది గుడ్డుకన్నా చేపరసం. తీరని చిక్కు కోసం జన్మంతా పాటించిన నియమం ఎందుకు వదలాలి?

మీరు రాసిన నియమాలను బట్టి మీది రెండో గీత అనుకుని చెబుతున్నాను. థాయిలాండ్‌లో మీరు వెతకాల్సింది ‘జే’ భోజనం. అది చైనా మూలాలున్న బౌద్ధుల ఆచారం. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి సైతం వేయరు, కార్తీకంలో మీకు ఇంతకన్నా కావలసింది లేదు. పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలతో రాసిన జెండా, బోర్డు దానికి గుర్తు. ఆ అక్షరాన్ని ఫోన్‌లో ఫొటోగా దాచుకోండి, వీధిలో దూరం నుంచే పట్టేస్తారు. సూపర్‌మార్కెట్లలో, వీధివీధికీ ఉండే సెవెన్ ఎలెవెన్ దుకాణాల్లో ప్యాకెట్ల మీద కూడా అదే గుర్తు ఉంటుంది. మంగ్సవిరత్ అనే మాట కూడా శాకాహారానికే గానీ, అందులో గుడ్డు, పాలు రావచ్చు. మీకు జే అన్నదే క్షేమం.

వియత్నాంలో ఆ మాట ‘చాయ్’. కొమ్ చాయ్ అని రాసి ఉంటే అది శాకాహార అన్నం దుకాణం. అక్కడి బౌద్ధులు చాలామంది చాంద్రమాసంలో పాడ్యమి నాడు, పౌర్ణమి నాడు మాంసం ముట్టరు. మీ ప్రయాణంలో కార్తీక పౌర్ణమి వియత్నాంలో పడితే ఆ రోజు శాకాహారం మామూలు కంటే తేలిగ్గా దొరుకుతుంది. చాయ్ దుకాణాల్లో సోయాతో, పుట్టగొడుగులతో అచ్చం మాంసంలా చేసిన వంటకాలు పెడతారు. చూసి కంగారు పడకండి. గుడ్డు మాత్రం కొన్నింట్లో ఉండొచ్చు, అడిగి తినండి.

అడగడానికి నోటిమాట కన్నా చీటీ మేలు. థాయి, వియత్నామీ రెండూ స్వరాన్ని బట్టి అర్థం మారే భాషలు, పైగా థాయిలో గుడ్డును ఖాయ్ అని, కోడిని కాయ్ అని అంటారు, మన నోట రెండూ ఒకటే అయిపోతాయి. మీ అబ్బాయి చేత ఫోన్‌లోని అనువాద యాప్‌తో రెండు చీటీలు తయారు చేయించండి. ‘నేను శాకాహారిని’ అని ఊరుకోకుండా, ‘మాంసం, చేప, రొయ్య, చేపరసం, రొయ్యల పేస్టు, ఆయిస్టర్ సాస్, గుడ్డు, ఎముకల రసం తినను. ఉప్పు, సోయా సాస్ వేయండి’ అని విడివిడిగా రాయించాలి. ఈ చివరి మాట ముఖ్యం. ఏది వద్దో చెప్పి, దాని బదులు ఏది వేయాలో చెప్పకపోతే వంటవాడు తన అలవాటు ప్రకారమే సీసా ఎత్తుతాడు. ముద్రించి ప్లాస్టిక్ కవరు వేయించండి. ఫోన్‌లో ఆ రెండు భాషల ఫైళ్లు ముందే దింపుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కెమెరా పెడితే ప్యాకెట్ మీది అక్షరాలు కూడా చదివేస్తుంది.

ఆయన అంటున్న కుక్కర్ ఇంట్లోనే వదిలేయండి. చాలా హోటళ్లలో గదిలో వంట చేయనివ్వరు, పొగకు అలారం మోగితే జరిమానా కట్టాల్సి రావచ్చు. అసలు దాని అవసరం కూడా లేదు. రెండు దేశాలూ అన్నం తినేవే. థాయిలాండ్‌లో ఖావ్ ప్లావ్, వియత్నాంలో కొమ్ చాంగ్ అని అడిగితే వట్టి అన్నం వేడివేడిగా ఎక్కడైనా పెడతారు. దాంట్లోకి మీ పొడి, కాస్త నూనె కలుపుకుంటే పూట గడిచిపోతుంది. అన్నం అక్కడ కొనండి, రుచి ఇక్కడి నుంచి మోయండి. పూటకు మనిషికి 20 గ్రాముల పొడి చాలు. రోజుకు ఒక పూట చొప్పున ఎనిమిది రోజులకు ఇద్దరికీ కలిపి 320 గ్రాములు. అంటే శెనక్కాయల పొడి పావుకిలో, కందిపొడి పావుకిలో తీసుకున్నా మిగులుతుంది. వేడినీళ్లు పోస్తే చాలే అటుకులు, ఉప్మా ప్యాకెట్లు ఎనిమిది, రాగిపిండి వేయించి పావుకిలో. ఊరగాయ 150 గ్రాములు. మొత్తం రెండున్నర కిలోలు దాటదు. గదిలోని కెటిల్‌లో ముందు ఒకసారి నీళ్లు మరిగించి పారబోసి, రెండోసారి మరిగినవి వాడండి.

సర్దేటప్పుడు ఊరగాయ గాజు సీసాలో వద్దు. విమానంలో పీడనం తగ్గి సీసాలోని గాలి ఉబ్బుతుంది, నూనెను మూత సందులోంచి తోసేస్తుంది. గాలి లేకుండా సీలు వేసిన పౌచ్‌లో పెట్టి, మరో కవరు చుట్టి, చెకిన్ పెట్టెలోనే వేయండి. ఎండుకొబ్బరి చిప్పలు విమానంలో అనుమతించరు, నూనె ఎక్కువ కాబట్టి నిప్పు ప్రమాదం కింద లెక్క. పచ్చి కరివేపాకు, పళ్లు, కూరగాయలు అక్కడి దిగుమతి తనిఖీల్లో చిక్కు తెస్తాయి, వదిలేయండి. దారిలో తినడానికి పులిహోర కట్టుకుంటే దేవనహళ్లి చేరి విమానాశ్రయంలోకి వెళ్లే లోపే ముగించండి. వండిన అన్నం వెచ్చగా గంటలకొద్దీ ఉంటే అందులో పెరిగే బ్యాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విషం మళ్లీ వేడిచేసినా పోదు. మిగిలింది హోటల్ గదికి మోసుకెళ్లొద్దు.

విమానంలో భోజనం కనీసం 24 గంటల ముందే చెప్పాలి. పేరు చూసి హిందూ మీల్ ఎంచుకోకండి, అది మాంసాహారం, పశుమాంసం లేకుండా ఇస్తారంతే. మీకు కావలసింది ఏషియన్ వెజిటేరియన్, దాని గుర్తు ఏవీఎంఎల్. చవక విమానాల్లో ముందుగా డబ్బు కట్టి కొనుక్కుంటే తప్ప ఏమీ పెట్టరు.

నిరుడు విరేచనాలు దేనివల్లో ఇప్పుడు తేల్చలేం గానీ, సాధారణంగా దోషం నీళ్లది, చల్లారిన తిండిది, కోసి పెట్టిన పండ్లది. రెండు దేశాల్లోనూ కుళాయి నీళ్లు తాగొద్దు, పళ్లు తోముకోవడానికి కూడా సీసా నీళ్లే వాడండి. మధ్యలో రంధ్రం ఉన్న గొట్టం లాంటి ఐస్ ఫ్యాక్టరీది, చాలావరకు ఫరవాలేదు. పెద్ద దిమ్మ పగలగొట్టిన పొడి ఐస్ వద్దు. మీ ఎదుట కొట్టిన కొబ్బరిబొండాం, మీరే తొక్క తీసుకున్న పండు అన్నిటికన్నా భద్రం. బఫేలో గోరువెచ్చగా పడి ఉన్నదాని కన్నా వీధిలో మీ ఎదుట మంట మీద వేయించి ఇచ్చింది నయం. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఆరు పట్టుకెళ్లండి. పెద్ద పొట్లం లీటరు నీళ్లకు ఒకటి, సగం నీళ్లలో చిక్కగా కలిపితే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. అందులో చక్కెర ఉందని ఆయన మానేస్తానంటారేమో. లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే, ఆ సమయంలో అది మందు. రక్తం పడినా, జ్వరం 101 దాటినా, గుక్కెడు నీళ్లూ నిలవకపోయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అప్పుడు విరేచనాలు కట్టే లోపెరమైడ్ మాత్ర వేయకూడదు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు ఆయనకు షుగర్ ఉందని రాయించండి, దాచితే క్లెయిము తిప్పికొడతారు.

టీ, కాఫీ, జ్యూసుల్లో అడక్కుండానే చక్కెర, తీపిపాలు దట్టంగా పోస్తారు. థాయిలాండ్‌లో ‘మాయ్ సై నామ్ తాన్’, వియత్నాంలో ‘ఖోమ్ దుయోంగ్’ అంటే చక్కెర వద్దని. ఇంకో చిన్న సంగతి, వియత్నాంలో బల్ల మీద పెట్టిన తడి రుమాలు, పల్లీలు చాలాచోట్ల ఉచితం కాదు, విప్పితే బిల్లులో వేస్తారు. 20 వేల డాంగ్, 5 లక్షల డాంగ్ నోట్లు రెండూ నీలంగా ఉంటాయి, సున్నాలు లెక్కపెట్టి ఇవ్వండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మీరు ఇంట్లో ఉండిపోతే మీకు ఇబ్బంది తప్పుతుంది, కానీ ఆయన మాత్ర వేళ గమనించే మనిషి, జేబులో చక్కెర ఉందా అని చూసే మనిషి ఉండరు, పెగ్గుల వేళ మిత్రులే మిగులుతారు. ఆయన ప్రమాదం తగ్గదు, పెరుగుతుంది. రోజూ ఇండియన్ రెస్టారెంట్ పెట్టే ప్యాకేజీ తీసుకుంటే మీ నియమం చాలావరకు నిలుస్తుంది, ఖర్చు ఎక్కువ, భోజనం ఎనిమిదిన్నర తొమ్మిదికి జరుగుతుంది. అలాంటప్పుడు ఆయనకు ఏడింటికే ఒక చిన్న పూట పెట్టి, మాత్ర ఎప్పుడన్నది డాక్టరు చెప్పినట్టు నడుచుకోవాలి. మూడోది కలగలుపు. పొద్దున హోటల్లో పండ్లు, బ్రెడ్డు, మీ రాగిజావ. మధ్యాహ్నం జే లేదా చాయ్ దుకాణం. రాత్రి వట్టి అన్నం, పొడి, లేదా బృందంతో ఇండియన్ భోజనం. నేనైతే దీనికే మొగ్గుతాను. కష్టమల్లా రోజూ పొద్దున పది నిమిషాలు కూర్చుని ఆ రోజు దారిలో ఏ దుకాణం వస్తుందో మ్యాప్‌లో చూసుకోవడమే. ఇద్దరూ మానేయడం కూడా ఒక దారే, అందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ భయంతో కాదు, వద్దనిపించి మానండి.

అడ్వాన్సు కట్టేముందు టూరు వాళ్లను నాలుగు విషయాలు రాతపూర్వకంగా అడగండి. ఏ రోజు ఏ పూట ఎన్ని గంటలకు భోజనం, ఎక్కడ. ఆలస్యమైతే ఆయన కోసం బస్సు పది నిమిషాలు ఆపుతారా. శాకాహారమంటే వాళ్ల లెక్కలో చేపరసం ఉంటుందా, ఉండదా. హాలాంగ్ ఓడలో వంట ముందే నిర్ణయించిన సముద్రపు తిండి కాబట్టి, మీ చీటీలోని మాటలు రెండు రోజుల ముందే ఓడ వంటవాడికి చేరుస్తారా. మొదటి మూడింటికి సూటిగా జవాబు రాకపోతే వేరే టూరు చూసుకోండి. ఓడ నుంచి మాత్రమే జవాబు రాకపోతే, అటుకుల ప్యాకెట్లు నాలుగు, ఒక పొడి డబ్బా ఆ రాత్రి కోసమని విడిగా కట్టి చేతిసంచిలో పెట్టుకోండి. పెద్ద పెట్టెలను ఒడ్డునే ఉంచమనే ఓడలుంటాయి.